తట్ట మలుపులో ఎడమ లైటు

గాజువాక దాటాక పెద్ద రోడ్డు వదిలి ఎడమకు తిరిగితే సముద్రపు ఊళ్లకు దిగే దారి ఒకటుంది. ఆ దారిలో, సరుగుడు తోటల మధ్య, తట్ట మలుపు. ఉక్కు ఫ్యాక్టరీకి మట్టి పనులు మొదలైన కొత్తలో నెలలు నిండిన, చేపలమ్ముకునే ఒక మనిషిని అక్కడ మట్టి లారీ కొట్టేసి ఆగకుండా పోయింది. తెల్లారేసరికి రోడ్డు మీద తట్ట ఒక్కటే బోర్లా పడి ఉంది. మనిషి తుప్పల్లో దొరికింది.

అప్పట్నుంచీ చీకటి పడితే ఆ మలుపులో ఓ ఆడమనిషి జుట్టు విరబోసుకుని బళ్ల వెంట పడుతుందనీ, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుందనీ చెప్పుకునేవారు. చెప్పుకోవడం మనవాళ్లకు బాగానే వచ్చు. ఆ లారీ ఎవరిదో మాత్రం ఒక్కడూ చెప్పలేదు.

ఇది నేను చూసిన కథ కాదు. పాతనగరంలో కార్లకు కరెంటు పని చేసే నజీర్ అహ్మద్ ఓ సాయంత్రం టీ చల్లారిపోతుంటే పట్టించుకోకుండా నాకు చెప్పాడు. ఎనభై మూడులో, కార్తీకమాసంలో జరిగిందట.

గవర్రాజు అని ఒక టాక్సీ డ్రైవరు. వాడి బండి ముప్ఫై ఏళ్ల నాటిది. హార్బర్లో పని చేసిన దొర ఎవడో దేశం పోతూ అమ్మేసుకున్న కారు. ఆ గవర్రాజు పొద్దున్నే వచ్చి షాపు ముందు నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నజీర్ భాయ్, బండికి ఏటో పట్టింది. తట్ట మలుపు కాడికి ఎల్లేసరికి ఎడమ ఇండికేటరు దానంతటదే కొట్టుకుంతాది. మలుపు దాటితే ఆగిపోతాది. నాలుగు రాత్రుల్నుంచీ ఇదే వరస."

"నువ్వు వెయ్యకుండానే?"

"నా సేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉంతాయి. నానేటి ఏసేది? ఆవిడే... ఎడమకి రమ్మంతాది."

నజీర్ నవ్వబోయి ఆగాడు. గవర్రాజు భార్య సీతాలుకు తొలికాన్పు. ఆ మలుపుకు అవతల, సముద్రం ఒడ్డునున్న పుట్టింట్లో ఉంది. గవర్రాజు రోజూ రాత్రికి అక్కడికే పోతున్నాడు. ఒంట్లో నెత్తురు లేదు, ఇంట్లో నీళ్లాడితే మనిషి దక్కదు, పెద్దాసుపత్రికి తీసుకుపోవలసిందేనని మంత్రసాని తేల్చేసింది. తీసుకుపోవాలంటే ఆ పేటకు వచ్చే కారు గవర్రాజుది ఒక్కటే. కానీ అత్త జోగమ్మ ఒప్పుకోవడం లేదు. ఆ మలుపులో ఉన్నది నెలలు నిండి పోయిన మనిషి, నెలలు నిండిన మనిషినే అడుగుతోంది, ఆ లైటు కుదురుకునేదాకా నా కూతుర్ని ఈ బండెక్కించొద్దు అంటోంది.

"నాలుగు రోజుల్లో కానుపు అంతన్నారు భాయ్. బేగి సూడు."

"అనుమానం పెనుభూతం అన్నారు. సాయంత్రానికి నీ దెయ్యాన్ని వైరు పట్టి బయటికి లాగుతాను, కూర్చో" అన్నాడు నజీర్.

బల్బులు తీసి చూశాడు, బాగున్నాయి. ఫ్యూజు బాగుంది. ఇండికేటర్ని టిక్కు టిక్కుమనిపించే ఫ్లాషర్ డబ్బా కొత్తది వేశాడు. డాష్‌బోర్డు మీది ఇండికేటరు పిడి విప్పి తుడిచి బిగించాడు. పాత కారు గదా, మలుపు తిరిగాక పిడి దానంతటది వెనక్కి రాదు, చేత్తో వేసి చేత్తోనే తియ్యాలి. కుడికి వేస్తే కుడి కొట్టుకుంది. ఎడమకు వేస్తే ఎడమ. తీస్తే రెండూ ఆగాయి. పొద్దు వాలేదాకా వెతికినా తప్పన్నది దొరకలేదు.

నజీర్‌కు అది సిగ్గుచేటు. తన చెయ్యి పడ్డ బండి మళ్లీ ఇంకో షాపు మెట్లెక్కదని వాడికి గర్వం.

"బండి ఇక్కడ బాగానే ఉంది. రోగం అక్కడుంది. పద, అక్కడికే పోదాం" అన్నాడు సామాన్లు సర్దుతూ.

గవర్రాజు ముఖం తేటపడింది. "ఈ రాత్రికి బాగైపోతే రేపు పొద్దున్నే సీతాల్ని ఎక్కించుకుని ఒచ్చేత్తాను."

ఏడున్నరకు పెద్ద రోడ్డు మీద నుంచి ఎడమకు తిరిగారు. గవర్రాజు పిడి ఎడమకు వేసి తిప్పాడు. ఆ తర్వాత అంతా చీకటి... హెడ్‌లైట్ల వెలుగు తప్ప ఏమీ లేదు. సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి.

ఉన్నట్టుండి గవర్రాజు లైట్లు ఆర్పేశాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"మాటాడకు..."

అప్పుడు మొదలైంది. టిక్కు... టిక్కు... టిక్కు... ఎడమ లైటు. దాని పసుపు వెలుగు రోడ్డు పక్క ఇసక మీద పడుతోంది, ఆరిపోతోంది. పడుతోంది — ఆరిపోతోంది.

మళ్లీ పడింది. ఆ వెలుగులో ఒక ఆడమనిషి.

జుట్టు విరబోసుకుని ఉంది. రెండు చేతులూ పైకెత్తి తిన్నగా బండి మీదికే వస్తోంది. నోరు తెరిచి ఉంది. ఏమంటోందో ఇంజను రొదలో వినబడలేదు. గవర్రాజు గట్టిగా కళ్లు మూసుకుని యాక్సిలరేటర్ తొక్కేశాడు. వెనక డిక్కీ మీద అరచెయ్యి పడ్డ చప్పుడు... ఒకసారి. ఆ తర్వాత లేదు.

"నేను నమాజు తప్పని మనిషిని, దెయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. నేనూ వెనక్కి తిరిగి చూడలేదు" అన్నాడు నజీర్ నాతో.

రెండు ఫర్లాంగులు పోయాక గవర్రాజు మళ్లీ లైట్లు వేశాడు. టిక్కు టిక్కు ఠక్కున ఆగిపోయింది.

నజీర్ ఆ పిడి వంక చూశాడు. అది ఎడమకే ఉంది.

"ఆపు! బండి ఆపు! లైట్లెందుకు ఆర్పావురా నువ్వు?"

"అక్కడ అందరూ ఆర్పుతారు భాయ్. లారీలోళ్లూ అంతే. ఎలుగు సూత్తే ఎంట పడతాది. ఎవులికీ సెప్పకూడదు, సెప్తే ఆ ఉపాయం పారదు..."

నజీర్ లైట్లు ఆర్పాడు. టిక్కు టిక్కు. వేశాడు. ఆగింది. ఆర్పాడు. టిక్కు టిక్కు. అప్పుడు పకపకా నవ్వాడు. హెడ్‌లైట్లకూ ఎడమ ఇండికేటరుకూ ఎర్తు, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, ఒకే బోల్టు మీద ఉంది. ఉప్పుగాలికి ఆ బోల్టు తుప్పు పట్టింది. పెద్ద లైట్లు వెలిగితే ఇండికేటరుకు కరెంటు చాలక పడుకుంటుంది. టిక్కుమనే చప్పుడు రాదు గనక గవర్రాజు పిడి తియ్యడం మరిచిపోతాడు. మలుపులో లైట్లు ఆర్పగానే అది లేచి కూర్చుంటుంది. పగలు షాపులో లైట్లు వేసి చూడాలని నజీర్‌కు తట్టలేదు. వేస్తే అప్పుడే దొరికేది.

"ఇదీ నీ దెయ్యం. పావలా బోల్టు!"

గవర్రాజు ఏడ్చినంత పని చేశాడు. "ఐతే సీతాల్ని ఎక్కించుకోవచ్చా భాయ్?"

"పెళ్లికూతుర్ని ఎక్కించుకోవచ్చు."

బోల్టు గీకి తుడిచి బిగిస్తే పది నిమిషాల పని. కానీ నజీర్ పనితనం పది నిమిషాలతో ఊరుకోదు. గవర్రాజు చేతిలో లాంతరు పెట్టాడు. కొత్త ఎర్తు వైరు వేశాడు. కుడివైపు కూడా విప్పాడు. వెనకవి కూడా తుడిచాడు. గంట పట్టింది.

మధ్యలో మలుపు వైపు నుంచి కేక వినిపించింది. ఆడగొంతు... సాగి, తెగి, మళ్లీ సాగింది. ఆ తర్వాత, చాలాసేపటికి, సన్నగా పసిబిడ్డ ఏడుపు.

"భాయ్... ఇన్నావా?" గవర్రాజు లాంతరు కింద పెట్టేసి తువ్వాలు చెవులకు చుట్టుకున్నాడు.

"గాలి" అన్నాడు నజీర్ తల ఎత్తకుండా.

నాతో ఈ మాట చెబుతున్నప్పుడు వాడు నా వైపు చూడలేదు. "విన్నాను బావా. గాలి కాదని నాకు తెలుసు. అవునంటే వాడు బండి వదిలేసి పారిపోతాడు, నా పని సగంలో ఆగిపోతుంది. అంతే ఆలోచించాను. లైటు దెయ్యం కాదని తేల్చినవాణ్ణి, ఆ ఆడమనిషి కూడా దెయ్యం కాదేమోనని ఒక్కసారి అనుకోలేదు."

పని అయింది. లైట్లు వెలుగుతుండగానే ఇండికేటరు చక్కగా కొట్టుకుంటోంది. "పద, ఆ మలుపులోనే వేసి చూపిస్తా" అన్నాడు నజీర్. బండి వెనక్కి తిప్పారు. గవర్రాజు మొదటిసారి లైట్లు ఆర్పకుండా మలుపులోకి పోనిచ్చాడు.

వెలుగు నిండుగా పడింది.

రోడ్డు వారన ఇసకలో జోగమ్మ కూచుని ఉంది. జుట్టు ఊడి భుజాల మీద పడింది. మోచేతులు గీరుకుపోయాయి. ఒడిలో సీతాలు తల. సీతాలు కింద ఇసక నల్లగా తడిసి ఉంది. పక్కన జోగమ్మ తన చీర చింపి చుట్టిన మూటలో బిడ్డ కదులుతోంది.

గవర్రాజు దిగి వెళ్లి సీతాలు పాదం పట్టుకున్నాడు. వదిలేశాడు.

జోగమ్మ ఏడవలేదు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయింది. "మద్దేన్నం నొప్పులొచ్చినాయి. మొగోళ్లందరూ ఏటకెల్లిపోనారు. మలుపు నడిసే దాటించేసి, నీ బండి ఒచ్చే ఏలకి పెద్ద రోడ్డుకి సేరిద్దారని భుజమ్మీదేసుకుని ఒచ్చినాను. ఇక్కడికొచ్చేక కూలబడిపోనాది. ఐదు లారీలెల్లినాయి బాబూ, ఐదూ దీపాలార్పేసే ఎల్లినాయి. నీ బండొక్కటే సైడు లైటేసింది. ఆపుతావనుకుని లెగిసి పరిగెట్టేను."

జోగమ్మ సీతాలు నుదుటి మీది ఇసక తుడిచింది.

"ఇప్పుడే పోనాది. సెయ్యి ఇంకా ఎచ్చగానే ఉంది సూడు." ఆవిడ సీతాలు చేతిని వాడి వైపు జరిపింది. "అంతసేపూ మీ లాంతరు కనబడతానే ఉంది. దీన్నొదిలి రాలేక కేకేత్తానే ఉన్నాను. అక్కడ ఏటి సేత్తన్నారు బాబూ, అంతసేపు?"



"ఇండికేటర్ బాగు సేత్తన్నాం అత్తా" అన్నాడు గవర్రాజు.