గోడకి గంజి

మా భోజనాల గది గోడకి అంటించిన పూల కాగితం ఒక మూల ఊడి, కుక్కచెవిలా వేలాడుతూ ఉండేది. అరచెయ్యంత ముక్క. దాన్ని తిరిగి అంటించడానికి ఏ జిగురు వాడాలి అన్నదే మా ఇంట్లో గొడవ. ఇంతకంటే చిన్న గొడవతో ఏ కొంపా మునిగి ఉండదు.

మా దీవిలో కాంప్ ద మాస్క్ అనే ఊళ్ళో ఆ చెక్క ఇల్లు ఒకప్పుడు చెరకు తోటల అజమాయిషీ చూసే తెల్లదొరది; అందరూ మిస్యే అనేవారు. స్వాతంత్ర్యం వస్తోందని బెదిరి ఆయన వారసులు దక్షిణాఫ్రికా పోతూ చవగ్గా అమ్మేశారు. మా ఆయన అప్పన్న చక్కెర మిల్లులో గుమాస్తా. కొన్నది ఆయనే గానీ, కొనమని పట్టుబట్టింది మా మామగారు వెంకయ్య. వయసులో ఉన్నప్పుడు ఆ మిస్యే దగ్గరే కూలీల మీద సర్దారుగా చేశారు. "ఈ ఇల్లు వేరేవాళ్ళ చేతికి పోకూడదు" అన్నారు. పాత అభిమానం కాబోలు అనుకున్నాం.

మామగారంటే ఊళ్ళో గౌరవం. మోకాళ్ళు పట్టేసి చేతికర్ర లేనిదే లేవలేకపోయినా, రామభజనకి గొంతెత్తేది ఆయనే. నాకైతే గౌరవం కంటే ఎక్కువే ఉండేది. మా అమ్మమ్మ పాపమ్మ ఈ ఇంట్లోనే బట్టలుతికి ఇస్త్రీ చేసేదట. మా అమ్మ బాలమ్మ ఇంకా పసిపిల్లగా ఉండగానే అమ్మమ్మ ఓడ కళాసీతో లేచిపోయిందని ఊరంతా చెప్పుకునేది. మా అమ్మ ఆ మాట మోస్తూ పెరిగింది, ఆ మాట మోస్తూనే పోయింది. అలాంటి ఇంటి పిల్లని కోరి అడిగి కోడలిగా తెచ్చుకున్న మనిషి మా మామగారు. నాకు ఆయన దేవుడితో సమానం. అప్పటికి.

ఇంకో రెండు నెలల్లో కొత్త జెండా ఎగరబోతోంది. ఆ రోజు మా ఇంట్లో భజన పెట్టాలనీ, రాముడి పటం ఆ గోడకే ఆనించాలనీ మా ఆయన సరదా. అందుకే కాగితం సంగతి పైకి వచ్చింది. కిటికీలు బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగి రోజర్‌ని అడిగాను.

"చీనా దుకాణంలో ఇంగ్లండు పొడి ఉంది మదామ్, ఖరీదు ఎక్కువ. మైదా ఉడికిస్తే బొద్దింకలకి పెళ్ళిభోజనం. మన్యోక్ దుంప పిండి మంచిదే" అన్నాడు. ఊడిన మూల ఎత్తి, గోధుమరంగు పెచ్చు ఒకటి గోటితో గీకి వాసన చూశాడు. "ఇది ఎముకల లాకోల్. కుర్చీ కాళ్ళు అతికించే జిగురు. కాగితానికి దీన్నెవడు పెట్టాడు?"

కుర్చీలో కూర్చున్న మామగారు కర్ర నేలకి తాటించారు. "అదే పెట్టు అమ్మాయ్. మళ్ళీ అదే."

"రాముడి పటం వెనక ఎముకలా మామయ్యా? వంటింట్లో గంజి ఉంది గదా, ఊరికే పోతోంది."

ఆయన నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. "దిరి వద్దు" అన్నారు మెల్లగా, క్రెయోల్‌లో. మళ్ళీ తెలుగులో అన్నారు. "ఆ గోడకి అన్నం వాసన చూపించొద్దు."

కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందని సామెత. మడి, శుచి అని నాకు రోజూ పాఠాలు చెప్పే మనిషి, దేవుడి గోడకి ఎముకల జిగురు పూయమంటున్నారు. పైగా ఆ గదిలో ఆయన ఏనాడూ అన్నం తినలేదని అప్పుడు తట్టింది. రొట్టె తినేవారు. అన్నమైతే వంటింట్లో పీట వేయించుకునేవారు. ముసలితనం చాదస్తం అనుకున్నాను. రోజర్ చేత ఎముకల జిగురు డబ్బా ఒకటి తెప్పించారు. నేను దాన్ని వంటింటి అటక మీదికి తోసేశాను.

ఆయన భజనకి వెళ్ళిన సాయంత్రం గంజి చిక్కగా కాచాను. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపాను. కాగితం వెనక పూసి, గుడ్డతో అద్ది, అరచేత్తో మధ్యనుంచి అంచుకి నొక్కాను. బాగా పట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పొద్దున్న చూస్తే మూల మళ్ళీ వేలాడుతోంది. ఎండిన గంజి పొట్టు కూడా లేదు. కాగితం వెనక శుభ్రంగా ఉంది... నాలుగు చారలు మాత్రం పక్కపక్కనే. పస్తున్నవాళ్ళు కంచం ఊడ్చుకుంటే వేళ్ళు అలాగే ఆనవాలు పెడతాయి. మైలతుత్తం కలిపిన గంజిని ఏ బొద్దింకా ముట్టదు. అయినా బొద్దింకలనే తిట్టి, ఈసారి మందంగా పూశాను. అదీ పోయింది. ఈసారి చారలు ఇంకా లోపలికి, కాగితం ఇంకా అంటి ఉన్న చోటికి వెళ్ళాయి.

ఆ తర్వాతే తుఫాను వచ్చింది.

రేడియోలో హెచ్చరిక రాగానే మా ఆయన బయటినుంచి కిటికీలన్నిటికీ అడ్డ చెక్కలు కొట్టి, మిల్లులో బస్తాలు సర్దించడానికి వెళ్ళారు. తిరిగి రాలేకపోయారు. ఇంట్లో మామగారూ నేనూ. పట్టపగలే ఇల్లంతా చీకటి. చెక్కల సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది. తడిసిన చెరకు ఆకు వాసన, కిరోసిన్ లాంతరు వాసన, వంటింట్లో ఉడుకుతున్న అన్నం వాసన. గంజి వార్చి పక్కన పెట్టాను.

ముందు వినిపించింది గోకుడు. ఇంటి కప్పు రేకులనుకున్నాను. రేకు చప్పుడు పైనుంచి వస్తుంది. ఇది కిందనుంచి, భోజనాల గది గోడలోంచి వస్తోంది. ఆగుతోంది... మళ్ళీ మొదలవుతోంది. గోళ్ళు అరిగిపోయిన వేళ్ళ గోకుడు.

తర్వాత మామగారి గుసగుస.

"పాపమ్మా... నీ మనవరాల్నే తెచ్చుకున్నాను గదా. నా ఇంట్లో దీపం ఆమె చేతే పెట్టించాను గదా. ఇంకా ఏం కావాలే నీకు?"

లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన కుర్చీలో గోడ వైపు తిరిగి, చేతులు జోడించి ఉన్నారు. ఊడిన కాగితం ఇప్పుడు నడుమెత్తు దాకా వేలాడుతోంది. దాని వెనక గోడ లేదు. తలుపు ఉంది. తుప్పు పట్టిన గొళ్ళెం, దాని మీద అడ్డంగా కొట్టిన మేకులు.

"ఎవరితో మాట్లాడుతున్నారు మామయ్యా?"

ఆయన ఉలిక్కిపడలేదు. చెప్పాల్సినవాళ్ళకే చెబుతున్నట్టు చెప్పారు. "మీ అమ్మమ్మ గంజి దొంగిలించేది. మిస్యే కాలర్లకి పెట్టే గంజి. సీసాలో పోసుకుని పిల్లకి పట్టుకెళ్ళేది. మీ అమ్మకే. మిస్యే చూశాడు. సామాన్ల గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యమన్నాడు. తెల్లారి తియ్యమని చెప్పి ఊరెళ్ళాడు."

"తీశారా?"

"సిక్లోన్ వచ్చింది, అమ్మాయ్."

"తగ్గాక?"

గాలి ఒక్కసారి ఇంటిని కుదిపింది. లోపల గోకుడు ఆగింది. అదీ వింటోంది.

"జనం ముందు నాకు చెప్పు చూపించింది" అన్నారు. "పిలిస్తే రాలేదు, పైగా చెప్పు చూపించింది. ఇంకో పూట ఉండనీ అనుకున్నాను. ఇంకో పూట... చాలా రోజులు గోకింది. గంజి, గంజి అని అడిగింది. మిస్యే వచ్చి, మూసెయ్ అన్నాడు. పిండి జిగురు పెడితే వాసనకి లేస్తుందని ఎముకల జిగురు పెట్టాను. కళాసీ మాట కూడా నాదే."

మా అమ్మ పెళ్ళిళ్ళకి వెళ్ళేది కాదు. వెళ్తే, ఎవరో ఒకరు ఓడల సంగతి ఎత్తేవారు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటే తన గురించేనని బిందె సగం నింపుకుని వచ్చేసేది. చనిపోయే ముందు కూడా, "అమ్మ ఒక్కసారి నా కోసం వెనక్కి తిరిగి చూసి ఉంటుందా" అని నన్నే అడిగింది.

గోడలోంచి చిన్న గొంతు వచ్చింది. ఎండిపోయిన గొంతు.

"అమ్మాయ్... గంజుందా..."

మామగారు నా చెయ్యి పట్టుకున్నారు. "లాకోల్ తే. వేడి చేసి తే. తొందరగా, నీకు పుణ్యముంటుంది."

వంటింట్లోకి వెళ్ళాను. అటక మీంచి ఎముకల జిగురు డబ్బా దింపాను. పక్కనే వార్చిన గంజి, ఇంకా పొగలు కక్కుతోంది. ఒకటి మూసేది. ఇంకొకటి పిలిచేది. ఏ జిగురు వాడాలా అని ఇన్నాళ్ళూ గొడవ పడ్డాం గానీ, ఎంచుకునే పని నిజంగా నాకు అప్పుడే పడింది. ఎంతోసేపు ఆలోచించలేదు.

గిన్నె నిండా గంజి పోసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. చేతికర్ర తీసి అందనంత దూరంలో ఆనించాను.

వాసన ముక్కుకి తగిలేసరికి ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. "వద్దు... తులసీ... వద్దమ్మా..."

"ఆకలేస్తుంది మామయ్యా. ఉండనీండి" అన్నాను.

లాంతరు తీసుకుని భోజనాల గదిలోంచి బయటికొచ్చి తలుపు వేశాను. గొళ్ళెం పెట్టాను.

వంటింట్లో నేల మీద కూర్చుని విన్నాను. కాగితం నెమ్మదిగా ఊడుతున్న చప్పుడు... పాత మేకులు ఒక్కొక్కటే కిర్రుమని... ఆయన రామనామం ఎత్తుకున్నారు. గొంతు బాగుంది, ఎప్పటిలాగే. మధ్యలో ఆగింది. తర్వాత, నాకుతున్న చప్పుడు. చాలాసేపు. గిన్నెలో ఉన్నదానికి అంతసేపు పట్టదు.

నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ లేదు.

గాలి తగ్గాక గొళ్ళెం తీశాను. కుర్చీ ఖాళీ. గిన్నె నేల మీద, తుడిచినట్టు శుభ్రంగా ఉంది. కిటికీల చెక్కలు బయటినుంచి కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. గోడకి పూల కాగితం నేలనుంచి పైదాకా నున్నగా అంటి ఉంది. అతుకు లేదు, ముడత లేదు. మూల ఎక్కడ ఊడిందో నేనే చెప్పలేకపోయాను.

మా ఆయనకి, నేను కునుకు తీసినప్పుడు మామగారు వంటింటి తలుపులోంచి బయటికి వెళ్ళినట్టున్నారని చెప్పాను. ఏటి ఒడ్డున రోజుల తరబడి వెతికారు. కళాసీ కథ మామగారు ఎలా చెప్పారో నేనూ ఈ కథ అలాగే చెప్పాను, మెల్లగా, నమ్మేలా. మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ ఒక్కటే నాకు బాధ. ఆయన మంచివాడు. ఆ రక్తంలోంచి అంత మంచివాడు ఎలా వచ్చాడోనని చాలాసార్లు అనుకున్నాను.

కప్పు బాగుచెయ్యడానికి వచ్చిన రోజర్ గోడ చూసి ఆగిపోయాడు. "ఏ లాకోల్ పెట్టావు మదామ్?" అంచు వెతుక్కుంటూ గోటితో గీకాడు. గోరు వాసన చూసుకున్నాడు. వేలిని ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఆ మధ్యాహ్నం పని సగంలో వదిలి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

అమావాస్యకి ఆ గోడ దగ్గర ఒక గిన్నె గంజి పెట్టాను. పొద్దుటికి ఖాళీ. మా అమ్మమ్మకి ఇన్నాళ్ళకి నోట్లో మెతుకు పడిందని కళ్ళు తుడుచుకున్నాను. పగ తీరింది, ఆకలి తీరింది, ఇక పడుకుంటుంది అనుకున్నాను.

జెండా పండగ ముందురోజు మా ఆయన భోజనాల గదిలోంచి పిలిచారు. "తులసీ, ఈ కాగితం మూల మళ్ళీ ఊడిందే, చూశావా?"

చేతిలో చేట కింద పెట్టి పరిగెత్తాను. వాళ్ళ నాన్నగారి కుర్చీ గోడకి దగ్గరగా జరుపుకుని కూర్చున్నారు.

"ఉండండి. ఎముకల జిగురు డబ్బా అటక మీదుంది, తెస్తాను."

"రాముడి పటం వెనక ఎముకలా?" అని నవ్వారు. "నువ్వేగా కాదన్నావు?"

"ఆ గోడకి అన్నం వాసన చూపించొద్దు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆ మాట మామగారిది.

"ఇందాకే అంటించేశాను. పొద్దుటి అన్నం మెత్తగా పిసికి పెట్టాను. చూడు, ఎంత బాగా పట్టిందో."

నేను గోడ చూడలేదు. ఆయన కుడిచెయ్యి చూశాను.

"చెయ్యి కడుక్కున్నారా?"

"ఇంకా లేదు. ఏం?" అని చెయ్యి నా వైపు చాపారు.

వేళ్ళకి ఒక్క మెతుకు లేదు. వేళ్ళు తడిగా ఉన్నాయి.