ముప్పై ఆరు కారణాలు

1976 జూలైలో ఒక సోమవారం, విజయవాడ బస్టాండులో రిజర్వేషన్ కౌంటరు ముందు ఒక అమ్మాయి గొడుగు మూసి, టికెట్ల కట్ట లోపలికి తోసింది.

"క్యాన్సిల్ చేయాలండీ."

"ఎన్ని?" అన్నాడు అంతోని తలెత్తకుండా.

"ముప్పై ఆరు."

తలెత్తాడు. గురువారం హైదరాబాదు బస్సు. ఒకటో నంబరు నుంచి ముప్పై ఆరో నంబరు దాకా. డ్రైవరు, కండక్టరు తప్ప బస్సంతా.

"పెళ్లివారా?"

"కాదండీ. మా నాన్న."

"ఒక్కరేనా?"

"ఒక్కరే. మా వీధి వాళ్లందరికీ చార్మినార్ చూపిస్తానన్నారు. వీధి వాళ్లకే చెప్పలేదు."

అంతోని ఫారం తీశాడు. "కారణం రాయాలి."

"ఏం రాయమంటారు?"

"అందరూ స్వల్ప అస్వస్థత అని రాస్తారండీ."

"ముప్పై ఆరుగురికీనా?"

"టికెట్టుకో ఫారం. రూలు."

ఆమె కౌంటరు ముందే నిలబడి రాయడం మొదలుపెట్టింది. గంటన్నర పట్టింది. క్యూ బయట వానలోకి సాగింది. కౌంటరు మూశాక అంతోని ఆ ఫారాలు సర్దుతూ చదివాడు. ఏ రెండింటిలోనూ ఒకే కారణం లేదు. పన్నునొప్పి. మేనత్త రాక. కోడి పొదుగుడు. చార్మినార్ అంటే కోపం. ఇరవై మూడో ఫారం దగ్గర అతను గట్టిగా నవ్వాడు. ముప్పై ఆరో ఫారంలో "మా నాన్నకి బాగాలేదు" అని ఉంది. కింద సంతకం, తెరేసమ్మ.

వాళ్లు మూడు నెలల కిందటే కంకిపాడు నుంచి వన్ టౌన్‌కి మకాం మార్చారు. తండ్రి శౌరయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. తెరేసమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పుతుంది. ఈ సంగతులన్నీ అంతోని ఆ వారంలోనే కనుక్కున్నాడు.

ఆగస్టులో ఆమె మళ్లీ వచ్చింది. తిరుపతికి పద్నాలుగు. "మీ నాన్నగారి భక్తి పెరిగిందే," అన్నాడు అంతోని.

"కాదండీ, వీధి తగ్గింది. మిగతావాళ్లు తలుపులేసుకున్నారు."

సెప్టెంబరులో ఉత్త చేతులతో వచ్చింది.

"ఈసారి ఎన్నండీ?"

"ఏమీ లేవు. నాన్న మంచం దిగట్లేదు. గోడవైపు తిరిగి పడుకుంటున్నారు."

"మరి మీరొచ్చారేం?"

ఆమె గొడుగు మడతలు సర్దుకుంది. "అలవాటైపోయిందండీ," అంది.

అంతోని కౌంటరు మూసేసి, ఆమెను క్యాంటీనుకు తీసుకెళ్లాడు. టీ వచ్చాక పెళ్లి మాట ఎత్తాడు. ఆమె ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టింది.

"ముందు ఇది చదవండి."

శౌరయ్యను చూసిన గవర్నరుపేట డాక్టరు, వంశంలో ఎవరికి ఏముందో రాసుకు రమ్మన్నాడు. తెరేసమ్మ టైపు చేసింది, రెండు కార్బన్లు పెట్టి.

నాన్న: ఉత్సాహం, తర్వాత దిగులు. పెద్దత్త: పార్శ్వపు నొప్పి. బాబాయి: గుండె దడ; నాలుగుసార్లు ప్రాణం పోతోందని ఫాదర్ గారిని పిలిపించి, నాలుగుసార్లూ కాఫీ ఇచ్చి పంపాడు. నాయనమ్మ: చేతులు కడగడం, బావి ఎండింది. పెదనాన్న: తాగుడు, తాగనప్పుడు దిగులు. చిన్నత్త: థైరాయిడ్. తెరేసమ్మ: ఇంకా తెలియదు.

"ఇన్ని జబ్బులేంటండీ ఒక్క ఇంట్లో?" అన్నాడు అంతోని.

"డాక్టరు గారేమన్నారంటే, నాన్నకున్నలాంటి జబ్బు చాలాసార్లు ఒంటరిగా రాదంట. చుట్టాల్ని వెంటబెట్టుకొస్తుందంట. ఆ మనిషిలోనే కానీ, ఆ ఇంట్లో ఇంకొకళ్లలో కానీ దడ, తలనొప్పి, తాగుడు, ఏదోటి కనిపిస్తుందంట. అందరికీ వస్తుందని కాదు. రావచ్చు."

"నాకు అభ్యంతరం లేదు."

"మీకుండదని తెలుసు. ఇది మీ అమ్మగారికి చూపించాలి. చూపించాకే పెళ్లి."

అంతోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని తల్లి సంపూర్ణమ్మ సంబంధం కుదుర్చుకునే ముందు మూడు తరాలు వాకబు చేసే మనిషి. మేనకోడలికి వచ్చిన సంబంధాన్ని పెళ్లికొడుకు తాతకి నత్తి ఉందని తిప్పికొట్టింది. అంతోని కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున, చలికోటు కింద దాచాడు. విజయవాడలో చలికోటు ఎవరూ తీయరు.

డాక్టరిచ్చిన లిథియం బిళ్లలతో, నెలనెలా రక్తపరీక్షతో, క్రిస్మస్ నాటికి శౌరయ్య లేచి కూర్చున్నాడు. సంపూర్ణమ్మ పిల్లను చూసి, అంతోని ఆశ్చర్యపోయేలా, ఒక్క ప్రశ్నా వేయకుండా సరేనంది. జనవరిలో గుళ్లో పెళ్లి ప్రకటనలు మొదలయ్యాయి. మూడు ఆదివారాలు పూజలో ఫాదర్ గారు పేర్లు చదివి, ఈ పెళ్లికి ఆటంకమేదైనా తెలిసినవాళ్లు చెప్పాలని అడగడం ఆచారం.

మొదటి ఆదివారం అయ్యాక తెరేసమ్మ అడిగింది. "చూపించారా?"

"సమయం చూస్తున్నా."

రెండో ఆదివారం మళ్లీ అడిగింది. "ఇంకా పెట్టెలోనే ఉందండీ," అన్నాడు అంతోని.

"ఇంకో వారం టైముంది," అంది తెరేసమ్మ. "ఆ తర్వాత క్యాన్సిల్. కారణం మీరే రాసుకోండి."

మూడో ఆదివారం పొద్దున్న అంతోని చెప్పేద్దామనే లేచాడు. గుడికి బయల్దేరేటప్పుడు తల్లి ఎప్పటిలాగే తాళం లాగి చూసింది, పదకొండుసార్లు. అతను ఎనిమిదోసారి నోరు తెరిచాడు. ఆమె లెక్క తప్పుతుందని చెయ్యి చూపించింది. పదకొండు అయ్యేసరికి గుళ్లో గంట కొట్టారు.

ఫాదర్ గారు పేర్లు చదివారు. ఆటంకం సంగతి అడిగారు. మగవాళ్ల వైపు నుంచి శౌరయ్య లేచాడు.

మళ్లీ ముప్పై ఆరు సీట్లే, అనుకున్నాడు అంతోని. కానీ శౌరయ్య గొంతులో తొందర లేదు. జేబులోంచి మూడో కాపీ తీశాడు.

"ఫాదర్ గారూ, పిల్ల రోజూ ఏడుస్తోందండీ. వియ్యపురాలికి తెలీకుండా నేను పెళ్లి చేయలేను. చదువుతా."

చదివాడు. కాఫీ మాట దగ్గర ఫాదర్ గారు తల ఊపారు. "తెరేసమ్మ, ఇంకా తెలియదు" అన్నచోట శౌరయ్య ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివాడు.

ఆడవాళ్ల వైపు సంపూర్ణమ్మ లేచింది. అంతోని కళ్లు మూసుకున్నాడు.

"కూర్చోండి అన్నయ్యగారూ," అంది ఆమె. "ఆ కాగితం నా దగ్గరా ఉంది." సంచిలోంచి తీసింది. చలికోటు వాసన అంతోని దాకా వచ్చింది. "ఒరేయ్, తాళమే పదకొండుసార్లు చూసేదాన్ని, ట్రంకుపెట్టె చూడననుకున్నావా? అక్టోబరు నుంచి చూస్తున్నా, ఎప్పుడు చెప్తావా అని."

"మరి సరేనన్నావేంటమ్మా?" అన్నాడు అంతోని, గుళ్లో ఉన్నానన్న సంగతి మర్చిపోయి.

"ఇంకేమంటాను? మా అన్నయ్య పన్నెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాతం అని చెప్పుకున్నాం. మీ నాన్నకి దడ. గ్యాసన్నాం. నా తాళం లాగుడుని ఆచారమన్నాం. వాళ్లు నిజం టైపు కొట్టించుకున్నారు, మనం పేర్లు మార్చుకున్నాం." ఫాదర్ గారి వైపు తిరిగింది. "ఇందులో మావాళ్లవి కింద పెన్సిలుతో రాశానండీ. చివర్న అంతోని, ఇంకా తెలియదు."

మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. "మా ఆయనకీ దడేనండీ, రాసుకోండి."

"పార్శ్వపు నొప్పి ఇక్కడ!" అన్నారెవరో వెనకనుంచి.

"కూర్చోండి!" అన్నారు ఫాదర్ గారు. "రక్తసంబంధం ఆటంకం. ముందే పెళ్లయి ఉండడం ఆటంకం. దడ, తలనొప్పి ఆటంకాలైతే ఈ ఊళ్లో నేనొక్క పెళ్లీ చేసుండేవాణ్ణి కాదు. నాకూ తలనొప్పే. పాట ఎత్తండి."

పాటలో అంతోని ఆడవాళ్ల వైపు చూశాడు. తెరేసమ్మ పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడుతోంది.

మర్నాడు కౌంటరు ముందు శౌరయ్య నిలబడ్డాడు. వెనక తెరేసమ్మ.

"హైదరాబాదు. పెళ్లయిన మర్నాటికి," అన్నాడు శౌరయ్య.

అంతోని చెయ్యి దానంతటదే టికెట్ల కట్ట మొత్తం అందుకుంది. తెరేసమ్మ వైపు చూశాడు. ఆమె పైకి చూస్తోంది.

"రెండు," అన్నాడు శౌరయ్య. "మీ ఇద్దరికే. మిగతా ముప్పై నాలుగూ మందు తినేసింది అల్లుడూ."

అంతోని రెండు చింపి ఇచ్చాడు. తెరేసమ్మ వాటిని అందుకుని, కిటికీ దగ్గరికి వంగింది.

"కారణం రాయక్కర్లేదా అండీ?"

"వెళ్లడానికి అక్కర్లేదు," అన్నాడు అంతోని.