హిజ్, హర్, నలభై రోజులు

నంద్యాల సంజీవనగర్‌లోని ఆ రీడింగ్ రూములో కుర్చీ ఎవరిదో తేల్చేది పుస్తకం. కుర్చీ మీద పుస్తకం పెట్టి బయటికి పోతే అర్ధగంట వరకు అది మనదే. అర్ధగంట దాటితే దేవుడిది. బ్యాంకు పరీక్షలకు చదివే నూటపది మంది కొట్టుకు చావకుండా, రూము నడిపే బాబ్జాన్ పెట్టిన చట్టమిది.

తిమోతి టీకి పోయి గంటకు తిరిగొచ్చాడు. కిటికీ పక్కనున్న అతని కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. అతని లెక్కల పుస్తకం కిటికీ గట్టు మీద, గాలికి ఎగిరిపోకుండా పైన నీళ్ళ సీసాతో సహా, ఎంతో మర్యాదగా పెట్టి ఉంది. ఆ మర్యాద చూసి అతనికి ఇంకా మండింది. తెలుగులో అడిగితే సరిపోయేది. కానీ ఆ అమ్మాయి చేతిలో ఇంగ్లీషు పేపరు ఉంది. మగవాళ్ళకు సరిగ్గా ఇలాంటప్పుడే లేనిపోని బుద్ధులు పుడతాయి.

"ఎక్స్‌క్యూజ్ మీ. దిస్ చెయిర్ ఈజ్ మీ," అన్నాడు.

ఆ అమ్మాయి ముందు కుర్చీని చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"కుర్చీకి నాలుగు కాళ్ళుండాయి బ్రదర్. నీకు రెండే కనపడతాండాయి."

నాలుగు వరుసల వరకు నవ్వు పాకింది. తిమోతి చెవులు కాలిపోయాయి. 'మై' అని దిద్దుకున్నాడు. 'మైన్' అని ఆమె మళ్ళీ దిద్దింది. బాబ్జాన్ గోడ గడియారం వైపు వేలు చూపించి, నోరు మూసుకుని వేరే చోట కూర్చోమన్నాడు. ఖాళీగా ఉన్నది ఆమె ఎదురు కుర్చీ ఒక్కటే. చేసేదిలేక అందులోనే కూలబడ్డాడు.

తిమోతిది ఆళ్ళగడ్డ. అక్కడ రోడ్డు పొడవునా ఉండే శిల్పాల పాకల్లో ఒకదాంట్లో వాళ్ళ నాయన అబ్రహాము పాలిష్ పని చేస్తాడు. ఎవరో చెక్కిన రాతికి నునుపు తెచ్చే పని. ముప్పై ఏళ్ళుగా రాతిపొడి పీల్చిన మనిషి కాబట్టి మాట్లాడితే దగ్గు, దగ్గితే కోపం. కొడుకు క్లర్కు పరీక్ష మూడుసార్లు రాశాడు. లెక్కలు, రీజనింగ్ కొట్టినపిండి. మూడుసార్లూ ఇంగ్లీషు దగ్గరే పోయింది. ఈసారి పోతే పుస్తకాలు కట్టేసి పాలిష్ మిషన్ పట్టుకోవాల్సిందేనని అబ్రహాము తేల్చి చెప్పేశాడు. పరీక్షకు ఇంకా నలభై రోజులున్నాయి.

తిమోతికి ఆ రాత్రంతా రోషమే. తెల్లారేసరికి మాత్రం ఆ రోషం దారి మార్చుకుంది. పొద్దున ఏడింటికల్లా రూముకు వచ్చి, కిటికీ కుర్చీ తుడిచి, ఆ అమ్మాయి కోసం తన పుస్తకమే దాని మీద పెట్టి ఎదురుచూశాడు. ఆమె రాగానే నవ్వకుండా, నసగకుండా అడిగాడు.

"నాకు ఇంగ్లీషు రాదు. నేర్పిస్తావా? నలభై దినాలుండాది. ఎంత తిట్టినా పడతా."

ఆమె పేరు లూదియా. ఆమెదీ ఆళ్ళగడ్డే. తల్లి సువార్తమ్మ నర్సు. లూదియాకు ఇంగ్లీషు మంచినీళ్ళు, లెక్కల పట్టికలు చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. రోజూ అరగంట అతను లెక్కలు చెప్పాలి, అరగంట ఆమె ఇంగ్లీషు చెబుతుంది అని బేరం కుదిరింది.

మొదటి పాఠం మెస్సులో జరిగింది. ఎదురుగా కనపడేవాటిని పేర్లు వాడకుండా ఇంగ్లీషులో చెప్పమంది. తిమోతి వడ్డించే అక్కను 'హీ' అన్నాడు. ఆమె భర్తను 'షీ' అన్నాడు. గిన్నెలో పప్పును 'దీజ్' అన్నాడు. పక్క బల్ల మీదున్న ఎవరివో నాలుగు ప్లేట్లను 'దిస్' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ఒక్క పూటలో అరవైమూడు తప్పులు. లూదియా లెక్కపెట్టి అతని నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసింది.

"నీదేం తప్పు లేదప్పా," అంది చివరికి. "మనకు 'తన' అంటే సాలు, ఆడోళ్ళకూ అదే, మొగోళ్ళకూ అదే. ఆవునూ 'అది' అంటాం, ఆడపిల్లనూ 'అది' అంటాం. ఇంగ్లీషులో ఎవరి గురించి చెప్తాండావో ముందు చూసుకోని నోరు తెరవల్ల. నువ్వు చూడకుండానే మాట్లాడతాండావ్."

అందుకని ఒక షరతు పెట్టింది. ఎవరి మాట చెబితే ముందు వాళ్ళ వైపు చూడాలి, తర్వాతే వాక్యం. ఆ షరతు పుణ్యమా అని 'హర్' అనాల్సి వచ్చినప్పుడల్లా తిమోతి లూదియా వైపు చూడాల్సి వచ్చింది. రోజుకు ఒక నలభైసార్లు. చదువు కోసమేలెండి.

శనివారాలు ఇద్దరూ ఒకే బస్సులో ఆళ్ళగడ్డకు పోయేవాళ్ళు. బస్సులో పాఠం ఇంకా కష్టం. దగ్గరున్నది దిస్, దూరమున్నది దట్. కానీ కదిలే బస్సు కిటికీలోంచి ఏది దగ్గర, ఏది దూరం? శిరివెళ్ళ దాటాక రోడ్డు పక్కనున్న బర్రెను చూపించి తిమోతి "దిస్ బఫెలో" అని మొదలుపెట్టేలోగా అది వెనక్కి పోయి 'దట్' అయి కూర్చుంది. వరిపొలాలు దీజ్ అనేలోగా దోజ్ అయిపోతున్నాయి. నల్లమల కొండలొక్కటే దయతలచి దూరంగా నిలబడి ఉన్నాయి. "దోజ్ హిల్స్," అన్నాడు గర్వంగా. ఆ రోజుకు అదొక్కటే ఒప్పు.

ఇంకో శనివారం వాన అందుకుంది. కిటికీ షట్టరు సగంలో ఇరుక్కుపోయింది. తిమోతి చెయ్యి అడ్డం పెట్టి ఆళ్ళగడ్డ దాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మొత్తం తడిసింది. లూదియా జుట్టు మీద మాత్రం నాలుగైదు చుక్కలు నిలిచాయి. అతను షరతు ప్రకారం ముందు చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు.

"హర్ హెయిర్ ఈజ్ వెట్. మై హ్యాండ్ ఈజ్ వెట్. బట్ దిస్ రెయిన్ ఈజ్ గుడ్," అన్నాడు.

లూదియా నోటుబుక్కు తెరిచి, తప్పులు సున్నా అని రాసింది. తిమోతికి ఆమె మీద ప్రేమ పుట్టింది ఆ బస్సులోనే. దాన్ని దాచుకోవడం అతనికి చేతకాలేదు, చెప్పడం అంతకన్నా చేతకాలేదు.

ఇరవై ఎనిమిదో రోజు లూదియా అతని మాక్ టెస్టు పేపరు తీసి చూసింది. ముప్పై ఇంగ్లీషు ప్రశ్నల్లో పద్నాలుగు ఖాళీ. వాటిలో ఆరు సర్వనామాలవే, అవన్నీ అతనికి వచ్చినవే. అక్కడికక్కడే నోటితో అడిగితే ఆరూ సరిగ్గా చెప్పాడు. మరి ఎందుకు వదిలేశావని అడిగితే, నూటికి నూరు పాళ్ళు నమ్మకం లేకపోతే పెట్టకూడదని, తప్పయితే పావు మార్కు కోత పడుతుందని, కోచింగులో మొదటిరోజే చెప్పారని అన్నాడు.

"ముందు పరీక్షల్లో గూడా ఇట్లనే వదిలినావా?"

"ఊ."

"అయితే నువ్వు తప్పు రాసి ఓడిపోలే తిమోతీ. వదిలేసి ఓడిపోయినావ్."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. ఆ రోజు నుంచి మాక్ టెస్టుల్లో ఖాళీలు తగ్గాయి. పన్నెండు, తొమ్మిది, ఆరు. తప్పులు పడ్డాయి, కోతలు పడ్డాయి, అయినా మొత్తం మార్కులు పెరిగాయి. తెలివైనవాడే. కాకపోతే ఆ తెలివి పేపరు దాటి జీవితంలోకి రావడానికి ఇంకా టైము పట్టింది.

లూదియా పరీక్ష కడపలో, అతనికన్నా ఐదు రోజులు ముందే అయిపోయింది. సామాను తీసుకుని ఊరికి పోయే ముందు మెస్సు బయట నిలబడి అతనికి ఒక సంగతి చెప్పింది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం డోన్ నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారట. అబ్బాయికి రైల్వేలో ఉద్యోగమట. చెప్పి, అతని మొహంలోకి చూస్తూ ఆగింది. అడగాల్సింది ఏదైనా ఉంటే అడగమన్నట్టే ఆగింది. మూగవాడికైనా అర్థమయ్యేంత సేపు ఆగింది.

తిమోతి తనకేముందని లెక్క వేసుకున్నాడు. ఉద్యోగం లేదు, పరీక్ష ఇంకా రాయలేదు, నాయన చేతిలో మిషన్ సిద్ధంగా ఉంది. నూటికి నూరు పాళ్ళు నమ్మకం ఎక్కడుంది?

"మంచి సంబంధమే కదా," అన్నాడు.

లూదియా సంచి భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. పరీక్ష బాగా రాయమని కూడా చెప్పలేదు.

తర్వాత ఐదు రోజులూ తిమోతి ఒక్కడే చదివాడు. షరతు ప్రకారం చూడటానికి ఎదురుగా మనిషి లేదు. ఎదురు కుర్చీ వైపు చూసి "దట్ చెయిర్ ఈజ్ హర్స్" అని తప్పులేకుండా చెప్పుకున్నాడు. ఒప్పని చెప్పేవాళ్ళు లేరు. ఆమె లేకపోతే తనకు ఏ రోజూ సరిగ్గా గడవదని అప్పుడు బాగా అర్థమైంది. అయినా పుస్తకం మూయలేదు. ఏడ్చేదేదో పరీక్ష అయ్యాక ఏడుద్దామనుకున్నాడు.

శనివారం పొద్దున కర్నూలులో పరీక్ష. ఇంగ్లీషు తెర మీదికి వచ్చింది. ఇరవై నిమిషాలు, ముప్పై ప్రశ్నలు. పద్దెనిమిదో దాని దగ్గర చెయ్యి పాత అలవాటుగా 'నెక్స్ట్' మీదికి పోయింది. ఆగాడు. వాక్యంలో ఎవరి గురించి మాట్లాడుతున్నారో ముందు చూశాడు, తర్వాత జవాబు నొక్కాడు. ఆఖరి నిమిషానికి ముప్పైలో ఒక్కటీ ఖాళీ లేదు.

బయటికి వచ్చాక నంద్యాల రూముకు పోలేదు. నేరుగా ఆళ్ళగడ్డ బస్సెక్కి, మూడున్నరకు నాయన పనిచేసే పాక దగ్గర దిగాడు. అబ్రహాము ఒళ్ళంతా తెల్లటి పొడితో, ఒక ఏనుగు తొండానికి నునుపు పెడుతున్నాడు. కొడుకు మిషన్ ఆపేసి, చెప్పాల్సింది నాలుగు వాక్యాల్లో చెప్పాడు. అబ్రహాము దగ్గాడు. కోప్పడతాడేమో అనుకున్నాడు తిమోతి. ఆయన ముఖం కూడా కడుక్కోకుండా, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "పద, ఆ పిల్ల ఇల్లు యాడ?" అన్నాడు.

సువార్తమ్మ తలుపు తీసి, పొడిలో మునిగిన పెద్దమనిషినీ వెనకున్న కుర్రవాణ్ణీ చూసింది. వందనాలు చెప్పి లోపలికి పిలిచింది. లూదియా వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడింది. తిమోతి కూర్చోలేదు.

"అమ్మా, నా పేరు తిమోతి. మీ లూదియాను నాకియ్యమని అడగనీకి వచ్చినా."

"ఉద్యోగం ఉండాదా?"

"లేదమ్మా. ఈ పొద్దే పరీక్ష రాసి వస్తాండా. రిజల్టు రానీకి నెల పడతాది."

"పోతే?"

"మళ్ళీ రాస్తా. వచ్చేదాకా రాస్తా. అంతవరకు నాయనతో పనికి పోతా. ఆ పొద్దు లూదియా చెప్పినప్పుడే అడగాల్సింది. నోరు రాలే. అది నా తప్పే."

సువార్తమ్మ అబ్రహాము వైపు తిరిగి, మీరేమంటారన్నా అని అడిగింది. అబ్రహాము గొంతు సరిచేసుకున్నాడు. దగ్గు ఆగేదాకా ఆగి, మెల్లగా మాట్లాడాడు.

"వీడు పుట్టినప్పట్నుంచి ఇది కావల్లని నన్ను ఏదీ అడగలే సిస్టరమ్మా. పండక్కి చొక్కా గూడా అడగలే. ఇదే మొదలు. ఈసారి పోతే చదువు మానల్లని నేనే అంటి. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా. రాసుకోనీ, ఎన్నిసార్లైనా."

తిమోతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాయన నోట ఇలాంటి మాట అతను ఎన్నడూ వినలేదు.

సువార్తమ్మ కూతురి వైపు చూసింది. లూదియా గుమ్మం వదిలి ముందుకు వచ్చింది.

"అమ్మా, నీకు గురువారమే చెప్పినా కదా. ఈయప్ప ఆదివారం లోపల వచ్చి అడిగితే ఈయనే. రాకుంటే డోన్ సంబంధానికి తలొంచుతా అని. అడగలేనోడితో బతుకంతా నేనెట్లా ఏగేది?"

ఒక్కరోజు మిగిలి ఉండగా వచ్చాడన్నమాట. ఒక్కరోజు.

సువార్తమ్మ ఫోను తీసింది. డోన్ వాళ్ళకు చేసి, మా పిల్లకు వేరే చోట కుదిరింది, మనసులో ఏం పెట్టుకోవద్దని నిదానంగా, గౌరవంగా చెప్పింది. తర్వాత అందరినీ నిలబెట్టి ప్రార్థన చేసింది. అబ్రహాము కళ్ళు మూసుకున్నాడు. తిమోతి మూసుకోలేదు. లూదియా కూడా మూసుకోలేదు. ఆమెన్ అన్నది పెద్దవాళ్ళిద్దరే.

"కూర్చోండన్నా, టీ పెడతా," అంది సువార్తమ్మ వంటింట్లోకి పోతూ. "రేపు డోన్ వాళ్ళు వస్తారని రెండు లీటర్ల పాలు తెప్పించినా. మీ కొడుకు ముందే వచ్చినాడు కాబట్టి సరిపోయె. లేకుంటే ఈ పాలు ఎవరి కడుపులో పడేవో."