నానమ్మ కరుస్తుందట

పాలగ్లాసు ముందు కూర్చుని మూడేళ్ళ మనవరాలు చిట్టెలుక పొద్దున్నే తీర్పు చెప్పేసింది.

“నానమ్మ దగ్గరికి నేను వెళ్ళను. నానమ్మ కరుస్తుంది.”

తాతయ్యకు నవ్వాగలేదు. ఉద్యోగమంతా బస్సు తోలినవాడు. దారి పొడుగునా వింతలు చూశానంటాడు గానీ అందులో సగం ఆయన పుట్టించినవే. అయినా కట్టుకున్న పెళ్ళాం మనుషుల్ని కరవడమన్నది ఆయన ఊహకూ అందని వింత.

“దేంతో కరుస్తుందే? ఆవిడ పళ్ళింకా గ్లాసులోనే నానుతున్నాయి కదా” అన్నాడు.

కోడలు నవ్వలేదు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల కనుక ముందు కూతురి బుగ్గ మీద గాట్లు వెతికింది. గాట్లేమీ లేవు. చిట్టెలుక మాత్రం తల్లి మెడ వదలడం లేదు.

“అత్తయ్యా, దీన్నేమైనా గిల్లారా?”

“నేనా?” స్టవ్ దగ్గరున్న నానమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

“ఊరికే ఎందుకంటుంది? మీరు ఎత్తుకోబోతే చాలు, పారిపోతోంది. క్రెష్‌లో అడిగొచ్చాను. సోమవారం నుంచి పంపమన్నారు. మీక్కూడా కాస్త విశ్రాంతిగా ఉంటుంది.”

విశ్రాంతి అన్న మాట ఆవిడకు చెంపదెబ్బలా తగిలింది. కొడుకు లారీ మీద తిరుగుతూ ఎప్పుడో గాని ఇల్లు చేరడు. కోడలు పొద్దున పోతే సాయంత్రానికి వస్తుంది. ముసలాయన కబుర్లు విని విని ఆవిడకు కంఠతా వచ్చేశాయి. ఆ ఇంట్లో కొత్తమాటలు చెప్పేది చిట్టెలుక ఒక్కతే. అదీ పోతే ఇక గోడలతో మాట్లాడుకోవాలి.

కోడలు పనికి వెళ్ళిపోయాక తాతయ్య పేపరు చాటున కాపలా కాశాడు. నానమ్మ గులాబీరంగు పువ్వుల చలిగౌను వేసుకుని, చిన్న మేజోడు పట్టుకుని చిట్టెలుక దగ్గరికి వెళ్ళింది. వేలు తగిలిందో లేదో టప్పుమని చప్పుడైంది. పిల్ల కెవ్వున అరిచి బల్ల కిందికి దూరింది.

తాతయ్య లేచి వచ్చి భార్య మోచెయ్యి ముట్టుకున్నాడు. చురుక్కుమంది.

“పెళ్ళయిన కొత్తలో తగిలినా ఇంత జోరు లేదు కదే. ఈ వయసులో నీకు కరెంటెక్కడిది?”

“మీకు వేళాకోళంగా ఉంది. సోమవారం దాన్ని తీసుకెళ్ళిపోతారు” అంది ఆవిడ మేజోడును గుప్పిట్లో నలుపుతూ.

ఆ మాట విన్నాక ఆయన వేళాకోళం మానేశాడు గానీ కుతూహలం మానలేదు. మెయిన్ స్విచ్చి కట్టేసి ముట్టుకుని చూశాడు, చురుక్కుమంది. తివాచీ చుట్టేసి ముట్టుకుని చూశాడు, కాస్త తగ్గింది గాని పోలేదు. చివరికి అనుమానం గౌను మీదికి మళ్ళింది. భార్య వద్దంటున్నా వినకుండా ఆ గౌను తను తొడుక్కుని, తివాచీ మళ్ళీ పరిచి, దాని మీద కాళ్ళీడ్చుకుంటూ నడిచి వీధి తలుపు గడియ ముట్టుకున్నాడు. టప్!

బల్ల కింద నుంచి కిలకిలా నవ్వు వినిపించింది. “తాతయ్య తలుపును కరిచాడు!”

ఆ తలుపే తెరుచుకుంది. తలనొప్పిగా ఉందని పని మధ్యలో వచ్చేసిన కోడలు, పువ్వుల గౌనులో ఉన్న మామగారిని చూసి నిలబడిపోయింది.

“మామయ్యా, ఇదేంటి?”

“ముందు నా చెయ్యి పట్టుకోమ్మా. తర్వాత ఉతికి ఆరేద్దువుగాని.”

విసుగ్గానే చెయ్యి చాచింది. చురుక్కుమనగానే వెనక్కి లాక్కుంది. వేళ్ళ వైపు, గౌను వైపు, బల్ల కింది పిల్ల వైపు చూసింది. అది చలికాలానికని తను కొని తెచ్చిన గౌనే. పట్టుకుంటే ఎండుటాకులా గరగరలాడుతోంది.

“దీన్ని ఎంతసేపు ఆరబెడుతున్నారు?”

“ఆరాక కూడా ఇంకోసారి డ్రయ్యరులో తిప్పుతుంది. ఎందుకే అంటే చెప్పదు” అన్నాడు తాతయ్య.

“ఎందుకత్తయ్యా?”

నానమ్మ చేతిలోని చిన్న మేజోడును మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

“నీ స్నేహితురాలు వచ్చిన రోజు అన్నావుగా. ‘కిటికీ తెరువు, మా అత్తయ్య బట్టలు తడివాసనేస్తున్నాయి’ అని. గదిలోకి వినపడింది. ఇంకెవరి ముందూ నీకు చిన్నతనం కాకూడదని బాగా ఆరనిస్తున్నా. బట్టలు మెత్తబడే ఆ సాఫ్ట్‌నర్ పోస్తే తువ్వాళ్ళు నీళ్ళు పీల్చడం లేదన్నావు, అదీ మానేశాను.”

కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. నవ్వుతూ అన్న మాట. ఆ నవ్వు గోడ దాటలేదు, మాట మాత్రమే దాటింది. తను గిల్లారా అని అడిగింది ఈవిడనేనా?

మామగారి దగ్గర గౌను తీసుకుని వాషింగ్ మిషను దగ్గరికి నడిచింది. నానమ్మ వెనకే వెళ్ళింది.

“మా క్లినిక్ కోట్లకి ఆఖరి జాడింపులో కాస్త వెనిగర్ పోస్తారత్తయ్యా. సబ్బు బిరుసంతా పోయి మెత్తబడతాయి.”

“బట్టలు ఊరబెడతారేమిటి?” గుమ్మంలోంచి తాతయ్య.

“ఆరాక ఆ వాసనుండదు మామయ్యా. ఈ పాలిస్టరు వాటిని నూలుబట్టల్లో కలపకూడదు. మరీ ఎండితే రాపిడికి ఇలాగే చురుక్కుమంటాయి. కాస్త చెమ్మ ఉండగానే తీసేయాలి.”

డ్రయ్యరు ఆగింది. అలవాటు కొద్దీ నానమ్మ చెయ్యి మళ్ళీ బొత్తాం మీదికి పోయింది. కోడలు ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఆపింది. చెమ్మ గౌనును అటూ ఇటూ పట్టుకుని ఇద్దరూ ఫెళ్ళున విదిలించి, స్టాండు మీద ఆరేశారు.

మర్నాడు నానమ్మ అదే గౌనుతో కుర్చీలో కూర్చుంది. పిలవలేదు. పిలిస్తే పారిపోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. చిట్టెలుక దూరం నుంచి వేలు చాచి మోకాలిని ముట్టుకుంది. చటుక్కున తీసేసుకుంది. మళ్ళీ ముట్టుకుంది. ఆనక ఏమీ ఎరగనట్టు ఒళ్ళోకి ఎక్కి, ముక్కులో వేలు పెట్టుకుని కూర్చుంది.

“క్రెష్ వాళ్ళకి రావడం లేదని చెప్పేస్తానత్తయ్యా” అంది కోడలు.

నానమ్మ తలూపింది. గొంతు తగ్గించి అడిగింది.

“పూర్తిగా ఆరనివ్వలేదు కదా. వాసనేమైనా వస్తోందేమో చూడమ్మా.”

కోడలు వంగి అత్తగారి భుజం మీద ముఖం పెట్టింది. ఎంతసేపటికీ ఎత్తలేదు. తాతయ్య ఏదో అనబోయి, ఆ మాటను కాఫీతో పాటు మింగేశాడు.

“ఏ వాసనా రావడం లేదత్తయ్యా” అంది చివరికి.

గౌనంతా మెత్తగా ఆరిపోయింది. ఆ భుజం ఒక్కటీ మళ్ళీ ఆరబెట్టాల్సి వచ్చింది.