లోయలోని మంచు, గట్టు మీది మోటారు

మోటారులో మూడో జత కార్బన్ బ్రష్‌లు కూడా నలభై నిమిషాల్లోనే నల్లటి పొడిగా రాలిపోయాయి. లిఫ్ట్ తొట్టి మళ్లీ సగం దారిలో ఆగింది.

అది చంద్రుడి దక్షిణ ధ్రువం. కోట్ల ఏళ్లుగా ఎండ సోకని లోయలో మంచు ఉంది. పైన గట్టు మీది కాలనీలో నలభై నలుగురు మనుషులున్నారు. వాళ్లకు తొమ్మిది రోజుల నీళ్లే మిగిలాయి.

మంచును పైకి లాగే లిఫ్ట్‌కి డీసీ మోటారు ఎంచింది కాలనీ ఇంజనీరు డాక్టర్ విదుల. సోలార్ పలకలు ఇచ్చేది డైరెక్ట్ కరెంటే. నేరుగా కలిపితే చాలు, మొదటి క్షణం నుంచే బరువు లాగుతుంది. ఆమె లెక్కలో తప్పు లేదు.

పక్కనే స్పేస్‌సూటు చేతొడుగుతో ఆ పొడిని తడిమి చూస్తున్నవాడు పానకాలు. తెనాలిలో ముప్పై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చేసి, కాలనీకి మెకానిక్‌గా వచ్చాడు.

"తిరిగే రాగి మీద రాసుకుంటూ బ్రష్ కరెంటు అందిస్తుంది మేడమ్. గాలిలో తేమ ఉంటేనే అది నున్నగా జారేది. ఇక్కడ గాలే లేదాయె. బ్రష్‌లు లేని ఏసీ మోటారు పెడదాం."

"దానికి డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ కావాలి. మోటారూ ఇన్వర్టరూ కలిపి ఉన్నది ఒక్కటే సెట్టు, ఊపిరి గాలి పంపుకి స్పేరు. అది కాలిపోతే?"

"కాలనివ్వను."

 విదుల తలూపింది.

శబ్దం వినపడని చోటు అది. పానకాలు మోటారు ఒంటి మీద చేతొడుగు ఆనించి, దాని అదురును బట్టి ఇన్వర్టర్ దగ్గరున్న విదులకు రేడియోలో చెబుతున్నాడు.

"ఫ్రీక్వెన్సీ కొంచెం పెంచండి... అదురుతోంది, ఆగండి... ఇప్పుడు పెంచండి."

తీగ బిగుసుకుంది. తొట్టి కదిలింది. గట్టు దాటగానే ఎండ తగిలి మంచు ధగధగ మెరిసింది. మనిషి పుట్టకముందు నుంచి చీకట్లో ఉన్న నీళ్లు!  రేడియోలో ఎవరో వెక్కుతున్న ఊపిరి వినిపించింది.

నెల గడిచింది. మోటారు ఒక్కసారీ ఆగలేదు. విదుల భూమికి సంతోషంగా రిపోర్టు రాసింది: "రాసుకునే బ్రష్‌లు లేవు. మరమ్మతు అవసరం దాదాపు రాదు. ఈ ఘనత పానకాలు గారిది."

జవాబు మర్నాడే వచ్చింది. అభినందనల కింద మరో వాక్యం ఉంది. మరమ్మతు లేదు కనుక మెకానిక్ ఉద్యోగం రద్దు. పానకాలు తర్వాతి నౌకలో తిరిగి రావాలి.

"నేనలా రాయకుండా ఉండాల్సింది పానకాలు గారూ." అంది విదుల.

"ఉన్నదే రాశారు కదమ్మా. నౌక ఎప్పుడు?"

"గురువారం."

అతను కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. బయట, ఎవరి చేయీ తగలకుండానే, మరో తొట్టి మంచు పైకొస్తోంది.