మూడో ముద్ద దగ్గర

"కడుపుతో ఉన్నప్పుడు నువ్వు నోరు కట్టుకున్నావు! అందుకే పిల్ల ఇలా పుల్లలా పుట్టింది!" అత్తగారు అదే మాట మూడోసారి అంది.

"మీరే కదత్తయ్యా, పక్కన కూర్చుని మారు వడ్డించింది? అప్పుడు నన్ను పీపా అన్నదెవరు మరి?"

మామగారు నవ్వాపుకోలేక దగ్గారు.

"సరేలే... ఈసారి మనవడు పుట్టేదాకా నీ కంచం నా చేతిలో!" అంది అత్తగారు.

కోడలి చూపంతా నాలుగేళ్ల కూతురి మీదే ఉంది. పిల్ల మూడు ముద్దలు తిని, చిన్న అరచేతిని కంచం మీద బోర్లించింది. రోజూ ఇంతే! తర్వాత లేచి, ఇంత మండు వేసవిలో ఉన్ని దుప్పటి నిలువునా చుట్టుకుని, పొయ్యి పక్క గోడకి ఆనుకుని కూర్చుంది. చెమట ధారగా కారుతున్నా కదలదు... కళ్లు మాత్రం మూలనున్న తూకం యంత్రం మీద!

ఎవరు నేర్పారు తల్లీ నీకు?

పందెం గుర్రాలెక్కే భర్త బరువు తగ్గడానికి సరిగ్గా ఇలాగే చేస్తాడు. కానీ సీజనంతా గుర్రపుశాలలోనే ఉంటాడు. పిల్ల ఏనాడూ అక్కడ అడుగుపెట్టలేదు. ఆమె మాత్రం పెళ్లైన కొత్తలో చూసింది... లోతుకుపోయిన బుగ్గలు, నీళ్లకి బదులు చప్పరించే ఐసు ముక్క. ఆ నెలలోనే ఈ పిల్ల కడుపున పడింది!



ఒక్క పూట కోసం ఇంటికొచ్చి, "బయట తినొచ్చాను" అని ఖాళీ కంచం ముందు కూర్చున్న భర్త వైపు ఆమె తిరిగింది.

"ఏమండీ... పిల్లల కోసం మగగుర్రాన్ని జతకట్టే ముందు ఏం చేస్తారు?"

"రెండు నెలల ముందు నుంచే మంచి దాణా పెడతాం. బక్కచిక్కినదాన్ని పంపితే పుట్టే పిల్ల..."

మాట ఆగిపోయింది. దుప్పటిలోంచి పిల్ల అతన్నే చూస్తోంది... తోటి రౌతుని చూసినట్టు!

"అంటే గుర్రాల దగ్గర తండ్రి తిండీ చూస్తారన్నమాట!" ఆమె కళ్లు నిండాయి. "ఈ ఇంట్లో మాత్రం నన్నొక్కదాన్నే అడుగుతారు!"

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. "వాడు పస్తులుంటాడని నాకు తెలుసే... అది పిల్లదాకా వస్తుందని ఎవరనుకున్నారే అమ్మా!" అంటూ కోడలి చెయ్యి పట్టుకుంది.

"అన్నం పెట్టు" అన్నాడతను.

మూడో ముద్ద దగ్గర అతని అరచెయ్యి తనంతట తానే కంచం మీద బోర్లింది. పిల్ల ఊపిరి బిగబట్టింది. అతను బలవంతంగా చెయ్యి తీసి నాలుగో ముద్ద మింగాడు. పిల్ల భుజం మీంచి దుప్పటి మెల్లగా జారింది...

అతను అందరి వైపూ చూశాడు.

"రేపటి నుంచి నేను గుర్రమెక్కను. శాలలో దాణా పెట్టే పని చేసుకుంటాను. ఏడాది నేను కడుపు నిండా తిన్నాకే, రెండో బిడ్డ మాట."