టైగర్‌కొక ముద్ద

మూడో మందు కూడా పని చేయలేదు.

నాలుగేళ్ల నిహారిక సంగారెడ్డిలో, ఐసీయూలో ఉంది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ల్యాబ్ రిపోర్ట్‌లో పద్నాలుగు యాంటీబయాటిక్స్. పదమూడింటి ఎదురుగా ఒకే మాట: రెసిస్టెంట్, అంటే ఆ మందుకు లొంగదు. మిగిలిన ఆ ఒక్కటే ఇప్పుడు ఎక్కుతోంది.

మంగళవారం, ఉదయం 11.20. కిష్టారెడ్డిపేట.

జిల్లా ఆరోగ్య శాఖ ఇన్వెస్టిగేటర్ హైమావతి పాప ఇంటి తలుపు తట్టింది. గురువారం ఇక్కడి నుంచే శాంపిల్స్ తీసుకెళ్లింది. పాప తల్లి తనుశ్రీ ఏడాది కొడుకును చంకనేసుకుని తలుపు తీసింది.

"బోరు నీళ్లల్ల ఏం లేదు. పాలల్ల లేదు. పాపకున్న బ్యాక్టీరియానే మీ కుక్క పేగులల్ల దొరికింది."

తనుశ్రీ వరండా గ్రిల్ అవతల ఉన్న కుక్క వైపు చూసింది.

"టైగర్‌లనా? వాడు గ్రిల్ బయటనే ఉంటడు మేడం. పిల్లల్ని ముట్టనియ్య. ఒట్టు!"

"కుక్కకు మందులు వాడిన్రా?"

వంటింట్లోంచి అత్త మల్లమ్మ తొంగిచూసింది. "దానికేం మందులు? మోషన్లయితే పిల్ల సీసల మిగిలింది పోస్త."

"ఏ సీస?"

"జరం మందు. డాక్టర్ రాసిచ్చిన యాంటీబయాటిక్. రెండు దినాలకే జరం దిగుతది. ఇగ పిల్లకెందుకు? మంచిగున్న మందు పారబోస్తమా?"

"ఎన్నిసార్లు పోసినవ్?"

"లెక్కవెట్టుకుంట కూసున్ననా? ఇంకేం పని లేదా నాకు?"

హైమావతి పెన్ ఆగింది. సగం మందు పాపకు. సగం కుక్కకు. చావని బ్యాక్టీరియా మందుకు మొండికేసింది.

కానీ ఆ బ్యాక్టీరియా గ్రిల్ ఎలా దాటింది?

చువ్వలను దగ్గరగా చూసింది. నడుమెత్తున పప్పన్నం మెతుకులు ఎండి అంటుకున్నాయి. కుక్క గిన్నె మాత్రం దూరంగా, గేటు పక్కన ఉంది.

12.05. చిన్నోడు ఏడుపు అందుకున్నాడు.

"ఆకలైతుందేమో. తినిపియ్యి" అంది హైమావతి.

తనుశ్రీ పప్పన్నం కలిపింది. ఏడుపు ఆపే తొందరలో అలవాటుగా గ్రిల్ దగ్గరికి నడిచింది.

"టైగర్‌కొక ముద్ద... హామ్!"

చేయి చువ్వల మధ్య నుంచి బయటికి వెళ్లింది. కుక్క ముద్ద అందుకుని వేళ్లు నాకింది.

"ఇగ మా చిన్నోనికొక ముద్ద..."

అదే చేయి మళ్లీ గిన్నెలోకి దిగింది. చిన్నోడి నోటి దాకా వెళ్లింది.

హైమావతి ఆ మణికట్టు పట్టేసింది.

"కుక్క లోపలికి రాలేదమ్మా. నీ చెయ్యే పోయొస్తుంది. అది వెనకాముందూ ఒళ్లంతా నాక్కుంటది. గదే నాలుకతోని నీ వేళ్లు నాకింది."

తనుశ్రీ చేతిలోని ముద్ద జారిపడింది.

"నిహారికక్కూడా గిట్లనే పెట్టిన మేడం. టైగర్ తింటెనే పిల్ల నోరు తెరుస్తుండె... మరి వీనికి? నిన్నటిదాక తిన్నడు గదా?"

హైమావతి చిన్నోడి శాంపిల్ కోసం డబ్బా తీసింది.

"రిపోర్ట్‌కు మూడు రోజులు పడ్తది. అప్పటిదాక ఇంట్ల ఉన్న ఏ సిరప్పూ పొయ్యకు. ఒళ్లు వెచ్చబడితే జల్దీ ఫోన్ చెయ్యి."

తనుశ్రీ సబ్బుతో చేతులు కడిగింది. మళ్లీ కడిగింది. మల్లమ్మ వేరే గిన్నెలో అన్నం తెచ్చి పెట్టింది.

చిన్నోడు నోరు తెరిచాడు.

తనుశ్రీ చేయి లేవలేదు.